క్రింది కోర్టుల యేర్పాటు – రైతు తెలిసికొనవలసిన గడువులు

గత సంచికలో విత్తనశుద్ధిని గూర్చి వ్రాసితిమి. ఈ నెల పైరుల సంగతి ప్రక్కకు పెట్టి కోర్టుల సంగతి వ్రాయుచున్నాము. వ్యవసాయమును గూర్చి చెప్పవలసినవారు వ్యాజ్యములను గూర్చి చెప్పుటేల యని చదువరులు తలపవచ్చును. కారణము విన్నవించెదము.

కొంతకాలము క్రిందట వరి నారుమళ్లు చూచుటకై మేమొక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చట మాకు బాగుగా తెలిసిన యొక పెద్ద రైతు తన యింటి తలుపునకు అంటించిన కాగితమును చూపి, "ఇదేమిటో కాస్త చదివి పెట్టండి బాబూ" అని యడిగెను. అది కోర్టు సమను. వ్యాపారికి వ్రాసి యిచ్చిన ప్రామిసరీ నోటుపై దావా పడినది. కోర్టు బంట్రోతు దానిని చేతికీయబోగా ఆయన పుచ్చుకొనలేదట. "పుచ్చుకుంటేనే గదండీ కేసు? నేను చెయ్యి చాపలేదు, సంతకం పెట్టలేదు" అని ధీమాగా చెప్పెను. మేమును ఆనాడు తొందరలో నుండి, "ఎవరైనా వకీలుకు చూపించండి" అని మాత్రమే చెప్పి వచ్చితిమి. ఆ మాట చాలలేదని తరువాత తెలిసినది. కోర్టు అమీను ఆయన కొట్టము వాకిట నిలిచి యెడ్ల జతను జప్తు చేయబోయిన దినమున మాకు మరల కబురు వచ్చెను. ఆ పిమ్మట జరిగినది చివర చెప్పెదము.

విత్తుటకు అదను ఎట్టిదో వ్యాజ్యమునకు గడువు అట్టిది. అదను తప్పినచో ఎంత మంచి విత్తనమైనను ఫలింపనట్లు, గడువు తప్పినచో ఎంత న్యాయమైన మాటయైనను కోర్టులో చెల్లకపోవచ్చును. ఏ పనికి ఏ కోర్టు, ఎన్ని దినములలోపల అను రెండు సంగతులు తెలిసినవాడు సగము నష్టమును తప్పించుకొనును. కావున ముందుగా కోర్టుల వరుసను, పిమ్మట గడువులను వివరించెదము.

పూర్వపు సంగతి

మన పెద్దలు నేటికిని "మునసబు కోర్టు" అనుచుందురు. ఆ మాటకు మూలము కలదు. చెన్నపట్టణపు ప్రభుత్వము 1802లో జిల్లా కోర్టులను నెలకొల్పెను. 1816లో చేసిన రెగ్యులేషన్ల మూలమున గ్రామ మునసబులును, జిల్లా మునసబులును ఏర్పడిరి. 1873లో వచ్చిన మద్రాసు సివిలు కోర్టుల చట్టము జిల్లా జడ్జి, సబుజడ్జి, జిల్లా మునసబు అను మూడు మెట్లను స్థిరపరచెను. 1889 నాటి గ్రామ కోర్టుల చట్టము చిన్న బాకీల తగవులను గ్రామమందే తీర్చు అధికారమును గ్రామ మునసబున కిచ్చెను. ఆంధ్ర ప్రదేశమందు ఆ గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి.

నైజాము రాజ్యముననున్న తెలంగాణమునకు కోర్టుల చట్టములు వేరుగా నుండెడివి. 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిలు కోర్టుల చట్టము రెండు ప్రాంతములకును ఒకే కట్టుబాటు చేసెను. పిమ్మట పేర్లు మారినవి. నాటి జిల్లా మునసబు నేటి జూనియర్ సివిల్ జడ్జి. నాటి సబుజడ్జి నేటి సీనియర్ సివిల్ జడ్జి. పేరు మారినను మెట్టు అదియే.

సివిలు కోర్టులు

భూమి హక్కు, సరిహద్దు, కాలువదారి, పంపకము, బాకీ మొదలగు తగవులు సివిలు తగవులు. వీనికి కోర్టులు క్రిందినుండి మీదికి ఇట్లుండును.

మొదటిది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. రెండవది సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. మూడవది జిల్లా జడ్జి కోర్టు. ఇందు ప్రధాన జిల్లా జడ్జియు, పనిని బట్టి అదనపు జిల్లా జడ్జీలును ఉందురు. వీనిపైన రాష్ట్రపు హైకోర్టు. హైకోర్టునకు క్రిందనున్న ఈ మూడింటినే క్రింది కోర్టులందురు.

దావా యే మెట్టున వేయవలెనో దావా విలువను బట్టి యుండును. ఆ పరిమితులను చట్టము అప్పుడప్పుడు పెంచుచుండును గనుక, దావా వేయు దినమున నున్న పరిమితిని వకీలు నడిగి తెలిసికొనవలెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు రెండు సూత్రములను చెప్పుచున్నది. విచారించుటకు అధికారము గల కోర్టులలో అన్నిటికంటె క్రిందిదానియందే దావా వేయవలెను. భూమిని గూర్చిన దావాను ఆ భూమి యే కోర్టు ఎల్లలో నున్నదో ఆ కోర్టునందే వేయవలెను. రైతు ఏలూరులో కాపురమున్నను పొలము వేరొక తాలూకాలో నున్నచో, ఆ పొలమున్నచోటి కోర్టునకే పోవలెను.

ఎల్లల విషయమున మరియొక హెచ్చరిక. 2022లో ఆంధ్ర ప్రదేశమందలి 13 జిల్లాలు 26గా విభజింపబడెను. కలెక్టరుగారి జిల్లా మారినంత మాత్రమున జడ్జిగారి జిల్లా తనంత తాను మారదు. కోర్టుల ఎల్లలను వేరుగా ఉత్తరువు చేయుదురు. కావున క్రొత్త జిల్లా కేంద్రమునకు ప్రయాణము కట్టుటకు ముందు విచారించుకొనుట మంచిది.

తీర్పు నచ్చనివారు పై కోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును. జూనియర్ సివిల్ జడ్జి డిక్రీపై అప్పీలు సీనియర్ సివిల్ జడ్జి కడకో జిల్లా జడ్జి కడకో పోవును. సీనియర్ సివిల్ జడ్జి డిక్రీపై అప్పీలు విలువను బట్టి జిల్లా జడ్జి కడకు గాని హైకోర్టునకు గాని పోవును. మొదటి అప్పీలులో సాక్ష్యమును, చట్టమును రెంటిని చూతురు. హైకోర్టునకు పోవు రెండవ అప్పీలులో ముఖ్యమైన చట్టప్రశ్న యున్నగాని విచారింపరు. సాక్ష్యమును మొదటి కోర్టుననే పూర్తిగా పెట్టవలెను. పైకోర్టులో చూచుకొందమని రశీదులను పెట్టెలో దాచుకొనువాడు మోసపోవును.

క్రిమినలు కోర్టులు

దొంగతనము, కొట్లాట, పైరును పాడుచేయుట, మోటారు పంపును ఎత్తుకొనిపోవుట వంటివి నేరములు. వీనిని మొదట విచారించువారు మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ననుసరించి వీరు 3 సంవత్సరముల వరకు ఖైదును, 50,000 రూపాయల వరకు జుల్మానాను విధింపవచ్చును. వారిపైన చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. వీరు 7 సంవత్సరముల వరకు ఖైదు విధింపగలరు. ఆపైన సెషన్సు జడ్జి. హత్య మొదలగు ఘోరనేరములు అచ్చటనే విచారణకు వచ్చును. సెషన్సు జడ్జి విధించిన మరణశిక్ష హైకోర్టు ఖాయపరచినగాని అమలు కాదు.

చిన్న పట్టణములలో తరచుగా ఒకే అధికారి రెండు పనులు చేయుచుందురు. ఉదయము జూనియర్ సివిల్ జడ్జిగా పొలము దావాను విన్నవారే మధ్యాహ్నము మేజిస్ట్రేటుగా దొంగతనపు కేసును వినవచ్చును. జిల్లాలో జిల్లా జడ్జిగారే సెషన్సు జడ్జియు.

పూర్వము తహసీలుదారులు, డిప్యూటీ కలెక్టర్లు పన్ను వసూలు చేయుచునే మేజిస్ట్రేటులుగా శిక్షలును వేయుచుండిరి. శిస్తు కట్టించుకొనువాడే శిక్ష వేయుట సరికాదని అనేకులు చాలకాలము మొరపెట్టిరి. రాజ్యాంగము 50వ అధికరణమున ఈ రెండు పనులను వేరుచేయవలెనని చెప్పెను. 1974 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన క్రిమినలు ప్రొసీజరు కోడు ఆ విభజనను దేశమందు పూర్తిచేసెను. నేడు తహసీలుదారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగా శాంతిభద్రతలకు సంబంధించిన కొన్ని పనులు మాత్రము చేయుదురు.

ఇచ్చట ప్రతివాడును కంఠస్థము చేయదగిన మాట యొకటి కలదు. పోలీసులు ఎవరినైనను అరెస్టు చేసినచో, ప్రయాణకాలము మినహా 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెను. ఇది రాజ్యాంగము 22వ అధికరణము.

కోర్టులను నడపువారెవరు?

జడ్జీలకు జీతమిచ్చునది ప్రభుత్వము; వారిపై అధికారము మాత్రము హైకోర్టుది. రాజ్యాంగము 235వ అధికరణము క్రింది కోర్టుల అదుపును హైకోర్టున కప్పగించెను. వారి బదిలీలు, సెలవులు, ప్రమోషన్లు, పని తనిఖీ అంతయు హైకోర్టు చూచుకొనును. జిల్లా జడ్జిని గవర్నరు హైకోర్టుతో సంప్రదించి నియమింతురు. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడెను. 1956లో హైదరాబాదునకు మారెను. 2019 జనవరి 1వ తేదీనుండి ఆంధ్ర ప్రదేశమునకు అమరావతియందును, తెలంగాణమునకు హైదరాబాదునందును వేరు వేరు హైకోర్టులు నడచుచున్నవి.

జూనియర్ సివిల్ జడ్జి పదవికి పరీక్ష కలదు. పరీక్షకు వచ్చువారు ముందుగా 3 సంవత్సరములు వకీలుగా పనిచేసియుండవలెనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పెను.

ఈ యేర్పాటు తెలియక కొందరు రైతులు జడ్జిగారికి సిఫారసు చేయింపవలెనని నాయకుల యిండ్లచుట్టు తిరుగుదురు. జడ్జిగారి బదిలీ నాయకుని చేతిలో లేదు, కలెక్టరుగారి చేతిలోను లేదు. సిఫారసు చేయింతునని సొమ్ము తీసికొనువాడు మిమ్ము మోసగించుచున్నాడని తెలియుడు.

కోర్టు ఆఫీసులోని ఉద్యోగులను కూడ ఎరుగుట మంచిది. ఆఫీసు పై అధికారిని పూర్వము శిరస్తాదారనెడివారు, నేడు సూపరింటెండెంటు అందురు. జడ్జిగారి ప్రక్కన కూర్చుండి వాయిదాలు పిలుచువారు బెంచి గుమాస్తా. సమనులు, జప్తులు పంపు శాఖ నాజరుది. సమను తెచ్చువాడు ప్రాసెసు సర్వరు, అనగా మనము బంట్రోతు అనువాడు. జప్తు చేయువాడు అమీను. వీరు కోర్టు ఆజ్ఞను మోసికొని వచ్చువారు మాత్రమే. వారిపై కోపపడి ప్రయోజనము లేదు, వారిని బ్రతిమాలియు ప్రయోజనము లేదు. ఏదైన చెప్పవలసినది కోర్టులో అర్జీమూలకముగా చెప్పవలెను.

ప్రతి కేసునకు సి.ఎన్.ఆర్. అను 16 అక్షరములు, అంకెలు గల సంఖ్య యుండును. దానిని వ్రాసియుంచుకొన్నచో వాయిదా ఎప్పుడో ఈ-కోర్టుల యాపులో ఫోనుమీదనే చూచుకొనవచ్చును. పిల్లలకు చెప్పిన నిమిషములో చూచి చెప్పుదురు.

సివిలు కోర్టునకు పోగూడని తగవులు

మన సంఘమునకును సభ్యునికిని వచ్చిన తగవు, అనగా వాటా, అప్పు మొదలగునవి, సివిలు కోర్టునకు పోవు. 1964 నాటి సహకార సంఘముల చట్టము క్రింద వానిని రిజిస్ట్రారుగారికి గాని ఆయన నియమించిన అధికారికి గాని విన్నవింపవలెను. ఆ తీర్పుపై అప్పీలు సహకార ట్రిబ్యునలునకు పోవును. ఇది తెలియక మునసబు కోర్టులో దావా వేసి, అది చెల్లదని తేలునప్పటికి ఫీజును కాలమును పోగొట్టుకొన్న సభ్యులను మేమెరుగుదుము.

పాసుపుస్తకములో పేరు చేర్చుట, కొలత వేయించుట రెవెన్యూ అధికారుల పని. అయితే పొలము అసలు ఎవరిదను హక్కు వివాదము సివిలు కోర్టులో తేలవలసినది.

గడువులు

ఇక ముఖ్యమైన పాఠము. ఈ భాగమును విడిగా వ్రాసికొని గోడకు తగిలించుకొన్నను తప్పులేదు.

1. సమను అందిన నాటినుండి 30 దినములలో వ్రాతమూలకమైన జవాబు దాఖలు చేయవలెను. కారణము చూపినచో కోర్టు 90 దినముల వరకు గడువీయవచ్చును. పుచ్చుకొననన్న మాత్రమున సమను ఆగదు; తలుపునకు అంటించి అందినట్లు రిపోర్టు వ్రాయుదురు.

2. ప్రతివాది రాకపోయినచో కోర్టు వాది మాట మాత్రమే విని డిక్రీ ఇయ్యవచ్చును. దీనిని ఎక్స్‌పార్టీ డిక్రీ అందురు. దీనిని రద్దు చేయుమని 30 దినములలో అర్జీ పెట్టుకొనవలెను. రాకపోవుటకు తగిన కారణము చూపవలెను.

3. అప్పీలు జిల్లాలోని కోర్టునకైనచో 30 దినములు, హైకోర్టునకైనచో 90 దినములు. తీర్పు నకలు తీసికొనుటకు పట్టిన దినములు ఇందు లెక్కకు రావు. కావున తీర్పు వచ్చిన వెంటనే నకలుకు అర్జీ పెట్టవలెను.

4. నోటు బాకీ దావాకు 3 సంవత్సరములు. గడువులోపల బాకీదారుడు వ్రాసి సంతకము చేసి ఒప్పుకొన్నను, సొమ్ము చెల్లించి నోటు వెనుక తానే చెల్లు వ్రాసి సంతకము చేసినను, ఆనాటినుండి మరల 3 సంవత్సరములు నడచును. సొమ్మిచ్చినవాడు రశీదు లేకుండ ఇంటికి రాగూడదు.

5. పొలమునుండి బలవంతముగా వెళ్లగొట్టబడినవాడు, హక్కు సంగతి తేల్చుకొనకయే, స్వాధీనము మరల ఇప్పింపుమని 6 నెలలలో దావా వేయవచ్చును. హక్కును బట్టి స్వాధీనము కోరు దావాకు 12 సంవత్సరములు.

6. డిక్రీ అమలు జరుపుటకు 12 సంవత్సరములు గడువు. డిక్రీదారుడు రెండేండ్లు ఊరకుండెను గదా యని నిశ్చింతగా నుండరాదు.

7. డిక్రీ అయిన తరువాత సొమ్మును కోర్టు వెలుపల డిక్రీదారుని చేతికిచ్చినచో, ఆ సంగతి కోర్టు రికార్డులో ఎక్కవలెను. డిక్రీదారుడు ఎక్కింపనిచో మనమే 30 దినములలో అర్జీ పెట్టవలెను. రికార్డునకెక్కని చెల్లింపును అమలు జరుపు కోర్టు లెక్కలోనికి తీసికొనదు. సొమ్మును కోర్టులో కట్టుట అన్నిటికంటె మేలు.

రైతునకు చట్టమిచ్చిన రక్షణ

సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, సేద్యముపై బ్రదుకు రైతు వ్యవసాయపు పనిముట్లను, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులను, విత్తనపు ధాన్యమును జప్తు చేయరాదు. రైతు కాపురముండు ఇంటికిని ఈ రక్షణ కలదు. అయితే తానే తనఖా వ్రాసి యిచ్చిన యింటిని ఆ తనఖా డిక్రీలో వేలము వేయవచ్చును.

వకీలును పెట్టుకొనలేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచిత సహాయము కలదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును, వరద తుపానుల వంటి విపత్తులకు లోనైనవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ నిత్తురు. ఇతరులకు ఆదాయపు పరిమితి కలదు. మండల న్యాయసేవల కమిటీ కోర్టు ఆవరణలోనే యుండును. 15100 నంబరునకు ఫోను చేసినను చెప్పుదురు. ఇరువురు సమ్మతించినచో తగవును లోక్ అదాలతులో తీర్చుకొనవచ్చును. అచ్చటి తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. "ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చును" అను సామెత లోక్ అదాలతులో రాజీపడినవారి నోట మేము వినలేదు.

ఆ రైతు సంగతి

అమీను వచ్చిన దినమున మేమా రైతును వెంటబెట్టుకొని మండల న్యాయసేవల కమిటీకి పోతిమి. అచ్చటి వకీలు కాగితములు చూచి విషయమంతయు విడదీసి చెప్పెను. సమను తలుపునకంటించినది చెల్లినది. ఎక్స్‌పార్టీ డిక్రీ అయినది. డిక్రీ సంగతి విని యీ రైతు భయపడి, బాకీలో సగము సొమ్మును సంతలో ఇద్దరి యెదుట వ్యాపారి చేతిలో పెట్టెను. రశీదు లేదు, కోర్టులో రికార్డు లేదు, 30 దినములు ఎప్పుడో దాటినవి. వ్యాపారి మొత్తము బాకీకి అమలు అర్జీ వేసెను.

60వ సెక్షను క్రింద అర్జీ పెట్టగా ఎడ్లు నిలిచినవి; ఆ యేటి దుక్కి ఆగలేదు. డిక్రీని రద్దు చేయుమన్న అర్జీ మాత్రము నిలువలేదు. సమను పుచ్చుకొనకపోవుట తగిన కారణము కాదని కోర్టు చెప్పెను. సంతలో ఇచ్చిన సగమును నీళ్లలో పోసినట్లే యైనది. మొత్తము బాకీని ఆయన వాయిదాల మీద కట్టుచున్నాడు. "ఆ రోజే మీరు కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది బాబూ" అని ఒకనాడు మాతో అనెను. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయినది. ఆ లోటును తీర్చుటకే ఈ వ్యాసము వ్రాసితిమి.

సంఘ కార్యదర్శులకు మా మనవి: చదువురాని సభ్యులు చాలమంది కలరు. వచ్చు నెలవారీ సమావేశమున గడువుల భాగమును నెమ్మదిగా రెండు మారులు చదివి వినిపింపుడు. ఏ సభ్యుని యింటికైన కోర్టు కాగితము వచ్చినచో పుచ్చుకొని, పైనున్న తేదీని చూచి, ఆ వారములోనే వకీలు కడకు గాని న్యాయసేవల కమిటీకి గాని పోవునట్లు చెప్పుడు. ఆ సాయంకాలము ఆఫీసులో దానిని చదివి పెట్టుటకు ఒకరు సిద్ధముగా నుండవలెను.

వచ్చు సంచికలో పచ్చిరొట్ట యెరువులను గూర్చి వ్రాయుదుము.